మా నాయన తాకని బాన

కర్నూలులో పరుపులు కుట్టి బతికేవాణ్ణి నేను. సాయంత్రం అంగడి మూసి, చొక్కాకు అంటుకున్న దూది దులుపుకొని గ్రంథాలయానికి పోయేవాణ్ణి. బడిలో చదివింది లేదు. అంగళ్ళ బోర్డులు చూసి, బెల్లం కట్టిచ్చిన పత్రిక కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ తర్వాత గ్రంథాలయంలో ఒక బీరువా ముగించి ఇంకో బీరువా తెరుస్తూ పోయాను. గొప్ప చెప్పుకుంటున్నానని ఎవరైనా అంటే కాదనను.

ఆ పుస్తకాల్లో చలిపందిళ్ళ మాట చాలాచోట్ల వస్తుంది. ఫలానా రాజు బాటసారుల కోసం పందిరి వేయించాడని, ఫలానా రాణి దాని ఖర్చుకు చేను రాసిచ్చిందని ఉంటుంది. ఆ పందిరి కింద బానలు కడిగిందెవరు, ఏ బావి నుంచి నీళ్ళు తెచ్చారు, ఎండలో నిలబడి జనాన్ని పిలిచిందెవరు అని వెతికాను. ఎక్కడా లేదు. మా నాయన ఆ పని చేసిన మనిషి, పదిమంది చేత చేయించిన మనిషి. నేను రాయకపోతే ఆయన సంగతి కూడా అలాగే లేకుండా పోతుంది. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు పెట్టవద్దని మాత్రం నాయన నా దగ్గర మాట తీసుకున్నాడు. "పేరు రాస్తే ఊరంతా కలిసి చేసింది నా ఒక్కనిదైతాది" అన్నాడు. కనుక ఇందులో ఎవరి పేరూ ఉండదు.

మా ఊరు కోడుమూరుకు పడమర. ఉగాది దగ్గరపడుతుండగా కన్నడ దేశం నుంచి శ్రీశైలానికి పోయే యాత్రికులు మా ఊరి మీదుగా నడిచి పోతారు. భుజాన కావళ్ళు, మెడలో డప్పులు, చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు, చంకన బిడ్డలతో ఆడవాళ్ళు. చాలామందికి కాళ్ళకు చెప్పులుండవు. ఆ రోజులకే మా వైపు ఎండ నిప్పులు చెరుగుతుంది. మా ఊరి బావులన్నీ ఉప్పునీళ్ళు. తియ్యనీళ్ళ బావి ఒక్కటే, అది ఊరికి దూరంగా ఒక రైతు తోటలో ఉంది. మా ఊరు దాటితే కోడుమూరు దాకా తాగే నీళ్ళు దొరకవు.

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పీర్ల పండుగ చేస్తాం, ఉగాది పచ్చడీ తాగుతాం. నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాడు. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు, ఒకసారి అలా పోతుంటే, దారి పక్కన ఒక యాత్రికురాలు కూలబడి కనిపించిందట. పెదాలు పగిలి ఉన్నాయి. నాయన తన ముంతలో నీళ్ళు ఇవ్వబోయాడు. ఆమె ఆయన గడ్డం చూసింది, విల్లు చూసింది, తల అడ్డంగా ఊపింది. శివభక్తులైన వాళ్ళలో చాలామంది తమవాళ్ళ చేతి నీళ్ళు తప్ప ముట్టరు. ఇంకొకరైతే "నీ ఖర్మ" అని పోయేవాళ్ళు. నాయన విల్లు అక్కడే పడేసి ఊళ్ళోకి పరుగెత్తి, తన ఈడువాడైన జంగమయ్యను చెంబుతో సహా లాక్కొచ్చాడు. జంగమయ్య అనేది పేరు కాదు, కులాన్ని బట్టి ఊరు పిలిచే పిలుపు. ఆయన శివపూజ చేసే ఇంటివాడు, ఆయన చేతి నీళ్ళు వాళ్ళకు పనికొస్తాయి. ఆమె తాగింది.

ఈ సంగతి జంగమయ్య చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పేవాడు. "అన్నం ముందర కూసున్యా. చెయ్యి కడగనీలే మీ నాయన. ఎంగిలి చెయ్యితోనే ఈడ్చకపాయ!"

మరుసటి ఏడు నుంచి మా ఊరి బయట పందిరి లేచింది. పని నడిపే తీరంతా నాయనదే. తోట రైతును బతిమాలి, యాత్ర రోజుల్లో ఆయన ఎద్దులతో నీళ్ళు తోడే కపిలను మడికి ఆపి బానలకు తిప్పేటట్టు చేశాడు. జొన్నదంటు ఒకరు, గుంజలు ఒకరు, ఆముదం ఒకరు. వీధికి ఒక బాన. బానలను తడి ఇసుకలో పూడ్చి, గోనెసంచులు చుట్టి చల్లబరిచే పని పడుచువాళ్ళది. నడిచి నడిచి బొబ్బలెక్కిన కాళ్ళకు వెచ్చటి ఆముదం రాసి, దూది పెట్టి గుడ్డ కట్టే పని మాత్రం నాయన ఎవరికీ ఇవ్వలేదు. దూది తను ఏకిందే. గింజ ముక్క కూడా లేని దూది.

ఇన్ని చేయించినా ఆయన నీళ్ళ బానను ఎన్నడూ తాకలేదు. తాకవద్దని ఎవరూ చెప్పలేదు. తనకు తానే పెట్టుకున్న కట్టుబాటు. తోట నుంచి వచ్చే బండి ఎద్దులను ముందు నడిచి తోలుకొచ్చేవాడు, బానలు దించేటప్పుడు పక్కకు జరిగేవాడు. పందిట్లో బానకు ఒక అడుగు దూరంలో నిలబడి "రండి, రండి, సల్లటి నీళ్ళు" అని గొంతు పోయేదాకా పిలిచేవాడు. చెంబు జంగమయ్య చేతిలో ఉండేది. యాత్రికులు నాయన చేత కాళ్ళకు నూనె రాయించుకునేవాళ్ళు, నీళ్ళు జంగమయ్య చేత తాగేవాళ్ళు. ఇందులో నాయనకు ఏ బాధా కనిపించేది కాదు.

బాధ మా అమ్మది. "కాళ్ళు పట్టిచ్చుకుంటారు, చేతి నీళ్ళు మాత్రం వొద్దు" అనేది. నాయన వింటూ ఉండగా అనేది కాదు. పొయ్యి ముందు కూర్చొని, మాతో అనేది. "ఒక్కరు, ఒకే ఒక్కరు మీ నాయన చేతి నీళ్ళు తాగేది నా కండ్లతో సూడల్ల" అని ఆమె కోరిక. మా అక్క, అన్న, నేను ఈ మాట వింటూనే పెరిగాం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి ఎండాకాలం, జంగమయ్య మనిషి చేత కబురు పంపాడు. ఊరివాళ్ళు ఈసారి నాయనకు అందరి ముందర రుమాలు చుట్టి గౌరవం చేయాలనుకుంటున్నారు, పిల్లలంతా రావాలి, నాయనకు మాత్రం తెలియకూడదు. మాకు రుమాలంటే తలపాగా. అక్క బద్వేలులో ఉండేది. ఆమె పిల్లలను తీసుకొని కోయిలకుంట్లలో ఉన్న అన్న ఇంటికి వచ్చి, అక్కణ్ణుంచి రెండు కుటుంబాలూ కలిసి కర్నూలుకు మా ఇంటికి వచ్చాయి. అన్న బట్టలు మూటగట్టి సంతల్లో అమ్మేవాడు. మంచి తెల్ల రుమాలు ఒకటి ఏరి తెచ్చాడు. దాన్ని మా అక్క తన ఒళ్ళోంచి దించలేదు.

కోడుమూరు బస్సు యుద్ధం నాటి బొగ్గు బస్సు. వెనక బొగ్గుల పొయ్యి, ఆ పొగతో నడుస్తుంది. మిట్ట ఎక్కేచోట ఆగిపోయింది. "మొగోళ్ళంతా దిగి తొయ్యండప్పా" అని కండక్టరు అరిచాడు.

"టిక్కెట్టు తీసుకునేది ఎక్కేకా, తోసేకా?" అని అక్క లోపలి నుంచే అడిగింది.

"రెంటికీ అమ్మా. నువ్వు గూడా దిగుతావా?"

"నేను దిగితే నీ బస్సు తేలికై ఎగిరిపోతాది లే, పో."

అక్క బాగా లావు మనిషి. బస్సంతా నవ్వింది. అన్న, నేను చెమటలు కక్కుతూ తోశాం. తోస్తూనే అన్న అడిగాడు, "ఒరేయ్, నాయన ఒప్పుకుంటాడంటావా?" రుమాలు చుట్టించుకోవడానికి ఏముందని నేనన్నాను. అసలు సంగతి మాకిద్దరికీ అప్పటికి తెలియదు.

మేం ఊరు చేరేసరికి నాయన పందిట్లో ఉన్నాడు. పడుచువాళ్ళ చేత ఇసుక తడిపిస్తున్నాడు. కోడుమూరులో మాట్లాడుకున్న ఎద్దులబండి నుంచి మేమంతా దిగడం చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"ఎవురు పోయినార్రా? అందరూ ఒకేతూరి వచ్చినారే!"

"ఎవురూ పోలేదు లేప్పా సాయిబూ" అన్నాడు జంగమయ్య. "నీకు రుమాలు చుట్టేకి వచ్చినారు. రేపు పెద్ద గుంపు వస్తాండాది. వాళ్ళ ముందర చుడతాం."

నాయన మా అందరినీ ఒకసారి చూసి, మనవరాలి తల నిమిరి, "రుమాలా? చుట్టండి. ఎండకు మంచిదే" అన్నాడు.

"ఇంగోటుండాది. ఈతూరి మొదటి చెంబు నువ్వే పోయల్ల."

నాయన ముఖంలో నవ్వు పోయింది. "అది కాదు" అన్నాడు.

"ఏమి కాదు?"

"కాదంటే కాదు. నేను చెంబు పట్టుకొని నిలబడితే ఆ జనం ఆగరు. ముందర నీళ్ళు యాడుండాయి? కోడుమూరు దాకా ఎండలో పోతారు. ఎవురన్నా ముసలామె దావలో పడిపోతే ఈ రుమాలు నేనేం చేసుకోవల్ల?"

జంగమయ్యకు కోపం వచ్చింది. "ఇన్నేండ్లుగా నీ పందిట్లో నేను దొరలాగ చెంబు పట్టుకున్యా. పుణ్యమంతా నాదే అన్నట్టు నాకు మొక్కిపోతారు. నాకు సిగ్గుగా ఉండాదప్పా."

అప్పుడు నేను నా చదువు బయటికి తీశాను. చలిపందిళ్ళ గురించి, మనుషులంతా ఒకటేనని చెప్పిన భక్తుల గురించి చదివిందంతా చెప్పాను. నాయన ఓపికగా, కళ్ళు ఆర్పకుండా విన్నాడు. నేను చదివేది ఆయనకు ఎప్పుడూ సంతోషమే. అయిన తర్వాత, "మంచి మాటలేరా. ఆ పుస్తకం చదివినోళ్ళు నడిచొస్తాంటే చెప్పు, పోస్తా" అన్నాడు. పడుచువాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

అమ్మ అంతసేపూ పందిరి గుంజ పట్టుకొని నిలబడి ఉంది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"ఇన్నేండ్లలో నిన్ను నేనేమన్నా అడిగినానా?"

నాయన వంగి కాళ్ళ దగ్గరి ఇసుక చదును చేయసాగాడు.

"ఇంగొక బాన పెట్టు. ఒకపక్క జంగమయ్య, ఒకపక్క నువ్వు. కావల్సినోళ్ళు ఈడ తాగుతారు, వొద్దనేటోళ్ళు ఆడ తాగుతారు. దప్పికతో పొయ్యేది ఎవురు? చెప్పు, ఎవురు?"

"బాన యాడుండాది ఇప్పుడు?" అన్నాడు నాయన, తప్పించుకునే దారి దొరికినట్టు.

"ఇంట్లో ఉండాది. మొన్ననే కుమ్మరాయనతో చేయించి పెట్టినా."

జంగమయ్య పగలబడి నవ్వాడు. "పోప్పా, పో! మీ ఆడామె మనకంటే ముందర పంచాయితీ తీర్చి పెట్టుకుంది." అక్క వెళ్ళి ఆ బానను, దాంట్లో చెయ్యి పెట్టి దుమ్మూ ధూళీ లేకుండా కడిగి, అన్న చేత మోయించుకొచ్చింది. దాన్ని పందిరికి రెండో కొసన పూడ్చారు.

మరునాడు పొద్దెక్కాక ఊరంతా పందిరి దగ్గర చేరింది. తోట రైతు రుమాలు చుట్టాడు. పడుచువాళ్ళు ఈలలు వేశారు. నాయన చెంబు తీసుకొని కొత్త బాన దగ్గర నిలబడ్డాడు. ముంచాడు, పైకెత్తాడు, ఆ నీళ్ళను మళ్ళీ బానలోనే వంచాడు. "ఎంత లోతుండాదో సూస్తాండా" అన్నాడు. ఎవరూ అడగలేదు.

డప్పులు ముందు వినిపించాయి, తర్వాత దుమ్ములోంచి గుంపు కనిపించింది. "నీరు కొడ్రప్పా, నీరు" అని కన్నడంలో నీళ్ళడుగుతూ వచ్చారు. జంగమయ్య తనకొచ్చిన కన్నడంలో గట్టిగా చెప్పాడు: రెండు బానలున్నాయి, రెంటిలోనూ ఒకే బావి నీళ్ళు, ఇటు నేను పోస్తాను, అటు మా సాయిబు పోస్తాడు, ఈ పందిరి నడిపేది ఆయనే, ఎవరి ఇష్టం వాళ్ళది.

జనం జంగమయ్య ముందర వరుస కట్టారు. అంతా అటే.

నాయన చెంబు పట్టుకొని నిలబడి ఉన్నాడు. కొత్త రుమాలు, ఉతికిన పంచె. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న ఉండబట్టలేక ముందుకు పోయి దోసిలి పట్టాడు.

"నువ్వు యాత్రకు పోతాండావా? ఇంటోనివి ఇంటికాడ తాగు పో" అని నాయన కసిరాడు.

ఏటేటా వచ్చే ముసలావిడ ఒకావిడ ఉంది. ఆమె మడమల పగుళ్ళు నాయనకు తన అరచేతి గీతలంత బాగా తెలుసు. ఆమె కర్ర పొడుచుకుంటూ నేరుగా నాయన వైపు వచ్చింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముసలావిడ ఆగి, రుమాలు చూసి, "ఏమప్పా, మళ్ళా పెండ్లికొడుకైనావే!" అని నవ్వి, మెల్లగా తిరిగి జంగమయ్య వరుసలో పోయి నిలబడింది. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నాయన మాత్రం ఆమె వెనకనే కేకేశాడు: "బిరీన తాగి రామ్మా, నూనె ఎచ్చగా ఉండాది!" ఆ గొంతులో ఏ తేడా లేదు. అంత నిండుగా పిలవడం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఎండ నడినెత్తికి వస్తోంది. అవతలి వరుస పందిరి దాటి ఎండలోకి పెరిగింది. దాని చివర ఒక పడుచువాడు, మెడలో డప్పు, ఒళ్ళంతా దుమ్ము. వరుస పొడుగు చూశాడు, ఇటు నాయనను చూశాడు. పక్కవాడు చెవిలో ఏదో అన్నాడు. "ఆడ నిలబడితే పొద్దు గూకుతాది" అని వాడు డప్పు వీపుకు తిప్పుకొని వచ్చి, వంగి దోసిలి పట్టాడు.

నాయన పోశాడు. సన్నటి ధార, చెంబు అంచు నుంచి తెగకుండా. వాడు గటగటా తాగాడు. ఇంకా అన్నాడు. ఇంకా పోశాడు. మూడో చెంబుకు వాడు దోసిలి ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నాడు.

"ఏయ్! తాగే నీళ్ళప్పా అవి! తలకు పోసుకుంటే ఎట్ల? ఎంత దూరం నుంచి వస్తాండాయో తెలుసునా నీకు?" అని నాయన గద్దించాడు.

అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కుమంది. "సూడు, మొదుటోణ్ణే తిడతాండాడు" అంది అక్కతో. డప్పులవాని స్నేహితులు ముగ్గురో నలుగురో వచ్చారు. ఒక బిడ్డతల్లి, మొగుడు వద్దంటున్నా, వచ్చింది. ఒక పెద్దాయన బాన దాకా వచ్చి, ఆలోచించి, వెనక్కు పోయాడు. నాయన అతనికి జరిగి దారి ఇచ్చాడు.

అప్పుడే అవతల చెంబు బాన అడుగున గీసుకున్న చప్పుడైంది. జంగమయ్య ముందర ఇంకా సగం జనం ఎండలో ఉన్నారు. తోట నుంచి రావలసిన రెండో బండి రాలేదు. నాయన దగ్గర బాన నిండుగా ఉంది, కానీ ఆ నీళ్ళు ఆ వరుసలో వాళ్ళకు పనికిరావు. ఆయన ఆ వరుస వైపు, దాని చివర కర్ర మీద వాలిన ముసలివాళ్ళ వైపు చూశాడు. ఎదురుగా ఒకతను దోసిలి పట్టి వంగి ఉన్నాడు.

"ఇంద, రోంత సూసుకో" అని చెంబు అమ్మ చేతిలో పెట్టి, ఆయన పరుగెత్తాడు. ఆ వయసులో, కొత్త రుమాలు కొస వీపున ఎగురుతుండగా, చేలకు అడ్డంపడి తోట వైపు.

"అయ్యో, ఈయప్ప! ఈ పొద్దన్నా నిలబడు!" అని అమ్మ అరిచింది. వినే మనిషి అక్కడ లేడు. దోసిలి పట్టినతను తలెత్తి చూస్తున్నాడు. అమ్మ ఒక్క క్షణం అతణ్ణి, ఒక్క క్షణం చెంబును చూసి, పోసింది.

బండి ఇరుసు దగ్గర చీల ఊడి తోట గట్టున ఆగిపోయిందట. నాయన ఎలాగో సరిచేయించి, ఎద్దుల ముందు నడుస్తూ తోలుకొచ్చాడు. రుమాలు మట్టి కొట్టుకొని ఉంది. పడుచువాళ్ళు బానలు దించుతుంటే ఎప్పటిలాగే పక్కకు జరిగాడు. జంగమయ్య వరుస కదలడం మొదలయ్యాక గాని ఇటు తిరిగి చూడలేదు. ఇటు అమ్మ పోస్తోంది, అక్క ముంచి అందిస్తోంది, వాళ్ళ ముందర చిన్న వరుస ఒకటి నిలబడి ఉంది. నాయన నడుము మీద చేతులు పెట్టుకొని చూశాడు.

"ధార సన్నగా పోయి మే, ఒలికిపోతాండాది" అన్నాడు.

"నువ్వు పోయి కాళ్ళు సూసుకో పో. ముసలామె అప్పటి సంది కూసోనుండాది" అంది అమ్మ.

ఆయన నూనె గిన్నె తీసుకొని ఆ ముసలావిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాతి ఉగాదులకు రెండు బానలే పెడుతున్నారు. రెండోది ఊళ్ళో అందరూ మా అమ్మ బాన అనే అంటారు. నాయన దాన్ని మళ్ళీ తాకలేదు. తీరిక లేదంటాడు.

ఈ రాతకు సాయపడినవాళ్ళకు పేరు పెట్టి దండం పెట్టలేను కనుక, పనులు చెప్పి పెడతాను. మాకు కబురు పంపిన జంగమయ్యకు. మడి ఎండినా కపిల మా వైపు తిప్పిన తోట రైతుకు. అమ్మ గుట్టు దాచిన కుమ్మరాయనకు. నాకు గుర్తులేని మాటలు గుర్తుచేసి, నేను రాసింది చదివించుకొని "నన్ను లావని రాసినావేరా" అని తిట్టిన అక్కకు, రుమాలు తెచ్చిన అన్నకు. నా చొక్కా దూది పుస్తకాల మీద రాలినా ఏమీ అనక దీపం ఆర్పేదాకా కూర్చోనిచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు. డప్పు వీపుకు తిప్పుకొని వచ్చిన ఆ పడుచువానికి, అతని ఊరేదో నాకు తెలియదు. మొగుడు వద్దన్నా వచ్చిన బిడ్డతల్లికి. మా అమ్మకు. ఆ రోజు మా నాయన బాన దగ్గరికి రాకుండా జంగమయ్య దగ్గరే తాగినవాళ్ళందరికీ కూడా. వాళ్ళలో ఎవరూ దప్పికతో మా ఊరు దాటలేదు. మా నాయనకు కావలసింది అంతే.